మామ కూర్చున్న గోనె

ప్రొద్దుటూరులో ఏ వస్తువు చేతికిచ్చినా మనిషి ముందు దాని బరువు చూస్తాడు. అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించి, ఆ తర్వాత గానీ అదేమిటని అడగడు. బంగారం అంగళ్ల ఊరు కదా, అలవాటు అట్లా పడిపోయింది. నేనూ ఇక్కడే పుట్టి పెరిగాను కాబట్టి నా చెయ్యి కూడా అంతే. అయినా ఈ అలవాటు మీద నాకున్నంత కోపం ఇంక దేని మీదా లేదు. ఎందుకంటే నేను చేసే బొమ్మలు తూకానికి రావు. గోనెపట్టలు, అరటి నార, బండల ఫ్యాక్టరీ బురద, పాత చీరల అంచులు, కుంపటి మసి, ఇవన్నీ తెచ్చి కుట్టి, అతికించి, రుద్ది, కడిగి ఒకటి తయారు చేస్తాను. మిక్స్‌డ్ మీడియా అంటారు దాన్ని. మా ఊళ్లో వాటిని చూసినవాళ్లు ఇప్పటిదాకా నన్ను అడిగింది ఒకటే, ఇందులో బంగారమేమన్నా పడిందా అని.

నా ఉద్యోగం, కాపురం పులివెందులలో. ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. డ్రాయింగ్ పీరియడంటే లెక్కల సారు మిగిలిపోయిన సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్ అని పిల్లలక్కూడా తెలుసు. నన్ను నిజంగా వెతుక్కుంటూ వచ్చేది ఎప్పుడంటే, వార్షికోత్సవానికి థర్మాకోల్ అక్షరాలు కోయాల్సొచ్చినప్పుడు, లేదా యాజమాన్యం ఇంట్లో పెళ్లికి స్టేజీ వెనక పేర్లు పూలతో కూర్చాల్సొచ్చినప్పుడు. థర్మాకోల్ కోస్తుంటే వచ్చే కీచుమనే శబ్దానికి నా పళ్లు జివ్వుమంటాయి. అక్షరాలు నిలబెట్టగానే ప్రిన్సిపాల్ సారు "మేడమ్ చేతిలో కళ ఉండాదబ్బా" అని అందరికీ వినపడేటట్టు అంటారు. కత్తెర అక్కడే పడేసి బస్సెక్కి పోవాలనిపిస్తుంది. పోను, జీతం కావాలి కదా.

అయితే పులివెందుల నాకు ఒక మంచి పని చేసింది. అరటి తోటల దగ్గర గెల కొట్టాక చెట్టును నరికి గట్టుమీద పడేస్తారు. ఒకసారి ఆ మొద్దు పక్కన కూర్చుని ఫోన్ మాట్లాడి లేచేసరికి నా తెల్లచీరకు కర పట్టింది. అరటి కర సంగతి తెలిసిందే, ఎంత ఉతికినా పోదు. మా ఆయన సబ్బు మార్చమన్నాడు. పక్కింటామె నిమ్మకాయ రుద్దమంది. నేను ఉతికిన కొద్దీ ఆ మరక ముదురు ఇటుక రంగులోకి తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాతి వారం తోటకు పోయి ఆ మొద్దుల్లోంచి నీళ్లు పిండి సీసాలో పట్టుకొచ్చాను. అప్పటినుంచి నాకు గోధుమరంగు కొనాల్సిన అవసరం రాలేదు. నారకూ అక్కడికే పోతాను. "ఏం మేడమ్, బర్రెలేమన్నా తెచ్చుకున్యారా?" అని తోటల వాళ్లు నవ్వుతారు. బొమ్మలకని చెబితే ఇంకా నవ్వుతారని, బర్రెలకే అని చెప్పడం నేర్చుకున్నాను.

బూడిద రంగు జమ్మలమడుగు నుంచి. అక్కడ బండలు పాలిష్ చేసే షెడ్లలో మిషన్ కింద నుంచి బురద కాలువలా పారుతుంది. అది ఎండితే మెత్తటి పొడి. బంకతో కలిపి గుడ్డ మీద పూస్తే, పెన్నేటి ఇసుక మీద పొద్దునపూట ఉండే రంగు వస్తుంది. ఆ షెడ్లలో పనిచేసే ఒకాయన నాకోసం బస్తాలో పట్టి పెడతాడు. ఆయన తమ్ముడు కువైట్‌లో టైల్స్ పని చేస్తాడట. "ఆడ ఈ బురద పారేయడానికి లారీ పిలుస్తారంట, మీరేమో బస్సులో మోసుకపోతాండారు" అంటాడు. కండక్టర్లు ఆ బస్తాను సిమెంటనుకుని లగేజీ టికెట్ కొడతారు. సిమెంటు కాదని వాదించి వాదించి నాకు విసుగొచ్చింది.

ఇక నలుపు. నాకు కావలసిన నలుపు ప్రొద్దుటూరు బంగారం పనివాళ్ల సందుల్లో, డ్రైనేజీ అడుగున ఉంటుంది. కుంపట్ల బొగ్గు, మసి, మందునీళ్లు ఏళ్ల తరబడి కలిసి దిగిన మడ్డి అది. ఒకరోజు తెల్లారుతూనే రేకు డబ్బా పట్టుకుని పోయి వంగి తీస్తుంటే, వెనకనుంచి ఒకామె నా చెయ్యి పట్టుకుంది. ఆ కాలువలు ఊడ్చి, మట్టి కడిగి, అందులో పడిన బంగారం రజను ఏరుకుని బతికేవాళ్లు కొందరున్నారు. ఏ సందు ఎవరిదో వాళ్లలో వాళ్లకు ఒక లెక్క ఉంది. నేను ఆమె సందులో చెయ్యి పెట్టాను. "చదువుకున్నదాని మాదిరి ఉండావు, నీకేం వచ్చిందమ్మా ఇట్ల చేయనీకి" అంది. నాకు బంగారం వద్దు, ఆ నలుపే కావాలి అన్నాను. ఆమె పక్కనున్న ఇంకొకామెను పిలిచి, "చూడు, ఏం చెప్తాందో" అంది. చివరికి ఆమే ఆ మడ్డిని కడిగి, రజను తీసుకుని, మిగిలింది నాకిచ్చేటట్టు మాట్లాడుకున్నాం. కడిగాక నలుపు పలచనైపోయేది. ఏం చేస్తాం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను వస్తువులను ఎట్లా చూస్తానో, మా ఊరు ఎట్లా చూస్తుందో తెలియాలని. ఈ రెండు చూపులూ నెత్తీ నెత్తీ కొట్టుకున్నది మా మామ ఇంట్లో.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. బంగారం పని. కమ్మలు, ముక్కుపుడకలు, తాళిబొట్లు, పిల్లల మొలతాళ్లకు మువ్వలు, ఒకప్పుడు ఆయన చేతికి తీరికుండేది కాదు. నా చిన్నప్పుడు ఆ పని గది గడప మీద కూర్చుని ఆయన ఊదుగొట్టంతో మంటను వంచి పట్టడం చూసేదాన్ని. బొమ్మలు వేయాలన్న పిచ్చి నాకు ఎక్కడ పట్టిందంటే అక్కడే పట్టింది. ఇప్పుడు ఎక్కడెక్కడినుంచో మిషన్ మీద చేసిన నగలు పెట్టెల్లో దిగుతున్నాయి. మామ దగ్గరికి తెగిన గొలుసులు, ఊడిన శీలలు మాత్రం వస్తాయి. అవీ ఈ మధ్య రావడం లేదు. అయినా ఆయన పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గదిలోకి పోయి కూర్చుంటాడు.

ఆయన చేసిన నగలు ఎక్కడున్నాయని నేను చాలాసార్లు ఆలోచించాను. ఎక్కడా లేవు. మా ఊళ్లో నగను ఎవరూ అట్లాగే ఉంచుకోరు. ఫ్యాషన్ మారగానే పాతది కరిగించి కొత్తది చేయించుకుంటారు. కూతురి పెళ్లికి తల్లి నగ కరుగుతుంది, మనవరాలి ఓణీలకు ఆ నగా కరుగుతుంది. మా అమ్మ నగలు కూడా అట్లాగే పోయాయి. ఒక మనిషి నలభై ఏళ్లు కూర్చుని చేసిన పనిలో ఒక్క ముక్క మిగల్లేదు. ఆయన్ను అడిగితే, "బంగారం యాడికి పోతాది, ఏదో ఒక మెళ్లో ఉంటాది" అంటాడు. బంగారం సంగతి కాదు నేనడిగేది.

మిగిలింది ఒక్కటే, ఆయన కింద పరుచుకునే గోనెపట్ట. ఆకురాయితో నగను రాస్తున్నప్పుడు రజను ఒళ్లో పడుతుంది, ఒళ్లోంచి జారి గోనె పీచుల్లో ఇరుక్కుంటుంది. కంసాలి ఇంట్లో అట్లాంటి గోనెను చెత్తలో వేయరు. కొన్నేళ్లకొకసారి కాల్చి, ఆ బూడిద కడిగి, అడుగున మిగిలింది మూసలో కరిగించి బంగారం తీస్తారు. మామ కూడా పాతవన్నీ అట్లాగే కాల్చాడు. ఈ చివరిది మాత్రం, పని తగ్గిపోవడంతో కాల్చినా పెద్దగా రాదని అట్లాగే ఉంచేశాడు. ఒక ఆదివారం అత్త గది ఊడ్చడానికి దాన్ని తీసి పెరట్లో ఎండకేసింది. నేను చూసి ఉన్నచోటే ఆగిపోయాను. ఆయన కూర్చునే చోట గోనె నున్నగా అరిగి ఉంది. మోకాళ్లు ఆనే చోట రెండు గుంటలు. ముందర నిప్పురవ్వలు పడి చిల్లులు, వాటి చుట్టూ లక్క మరకలు, నగ అతుకులకు వాడే వెలిగారం తెల్లగా గడ్డకట్టిన చారలు. పక్కకు ఒరిగి చూస్తే పీచుల మధ్య సన్నగా మెరుపు. మనిషి లేకుండా మనిషి కూర్చుని ఉన్నాడు దానిలో. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నాను.

అడిగితే ఇచ్చాడు. "తీస్కో పాపా, బొమ్మ గీసుకో. కానీ బయటికి తీస్కపోవద్దు, ఈడనే పెట్టుకోని చేసుకో" అన్నాడు. నలభై దాటినా మామకు నేను పాపనే. సరే అన్నాను. పులివెందుల ఇంట్లో నాకు గోడ కూడా లేదు, బీరువా వెనక రెండు అడుగుల సందు తప్ప. అందుకని రెండేళ్లపాటు ఆదివారాలన్నీ మామ గదిలో, ఆయనకెదురుగా నేల మీద కూర్చుని ఆ గోనె మీద పని చేశాను.

ఆయన కూర్చున్న చోటును నేను ముట్టుకోలేదు. దాని చుట్టూ, అరటి నారతో, ఆయన చేసిన నగల ఆకారాలు కుట్టాలని నా ఆలోచన. నిండుగా కాదు, ఒట్టి అంచులు. లోపల ఖాళీ. ఆ ఖాళీకి అటూ ఇటూ జమ్మలమడుగు పొడి పూసి, కొన్నిచోట్ల కర పట్టించాను. ఏయే నగలు చేశావో చెప్పు మామా అంటే ఆయన చెప్పేది బరువులు. ఫలానా ఇంటి పెద్దకోడలికి ఇన్ని సవర్ల గొలుసు, చాపాడు రెడ్డిగారి బిడ్డకు ఇంత తూకం కమ్మలు. "ఎట్లుండె మామా ఆ కమ్మలు?" "ఎట్లుండాయి, కమ్మల మాదిరే ఉండె." పెన్సిలిచ్చి గీయమంటే సిగ్గుపడేవాడు. చేత్తో గాల్లో తిప్పి చూపించేవాడు, దాన్ని పట్టుకుని నేను కుట్టేదాన్ని. కుట్టింది చూపించి, ఇట్లాగేనా అంటే, తల ఊపేవాడు గానీ ఆయన కళ్లు కుట్టు మీద ఉండేవి కావు. పీచులు ఎక్కడైనా కదిలి రజను రాలుతుందేమోనని సూదినే చూస్తుండేవాడు.

ఇది నువ్వే మామా, నీ బొమ్మే ఇది అని ఎన్నిసార్లు చెప్పానో. ఉఁ అనేవాడు. అత్త లోపల్నుంచి, "మీ మామ బొమ్మ కావాలంటే స్టూడియోలో దిగినది ఉండాది కదమ్మే" అనేది.

ఈ ఏడాది విజయవాడలో ఒక చిన్న గ్యాలరీ వాళ్లు నా పనులు ఫోన్‌లో చూసి, ఒక బొమ్మ పంపమన్నారు. నిర్వాహకురాలు చక్కగా, మెత్తగా మాట్లాడే మనిషి. "మీ రాయలసీమ కరువు భలే కనపడుతోందండీ మీ వర్క్‌లో" అంది. అరటితోటల కర, బంగారం రజను ఉన్న దాంట్లో ఆమెకు కరువు ఎట్లా కనపడిందో నాకర్థం కాలేదు. మాది సీమ అనగానే అక్కడివాళ్లకు రెండే కనపడతాయి, ఒకటి కరువు, ఇంకొకటి చెప్పక్కర్లేదు. ఒళ్లు మండింది, అయినా నోరు మూసుకున్నాను. ఎందుకంటే నా బొమ్మ ఒకటి బొమ్మగా ఈ జిల్లా దాటడం అదే మొదటిసారి. ఇది కూడా పోకపోతే ఇక చాలించి, జీవితమంతా థర్మాకోల్ కోసుకుందామని గట్టిగా అనుకున్నాను. మా ఆయనతో కూడా అనేశాను. సోమవారం కడపనుంచి వాళ్ల వ్యాను వస్తుంది, ప్రొద్దుటూరులోనే ఎక్కించాలి. బొమ్మ విజయవాడకు పోతుంది, వ్యాను వస్తుంది అని మామకు చెబితే ఉఁ అన్నాడు, ఒప్పుకున్నాడనుకున్నాను.

ఆదివారం పొద్దున ఫ్రేములు చేసే భాయ్ వచ్చి గోనెను టేకు చట్రానికి సన్నమొలలతో బిగించాడు. ఆయన కూడా మా సందులోనివాడే, దేవుడి పటాలకూ పెళ్లి ఫోటోలకూ ఫ్రేములు కడతాడు. బిగించాక నిలబెట్టి చూసి, "బాగుంది గానీ మేడమ్, అద్దం వేయాల్సిండె, దుమ్ము పడతాది" అన్నాడు. దుమ్ము కోసమే కదా ఈ అవస్థంతా అని చెప్పి, పెరట్లో ఎండకు పెట్టి ఫోటోలు తీశాను. మామ వచ్చి నా భుజం మీదుగా ఫోన్‌లోకి చూశాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని, వేళ్లతో పెద్దది చేసి, ఆ మూల ఈ మూల జరిపి చాలాసేపు చూశాడు. "శానా బాగొచ్చిందే" అన్నాడు.

రెండేళ్లలో ఆయన నోటినుంచి ఆ మాట రావడం అదే మొదలు. ఆ సంతోషంలో టిఫిన్ కూడా తినకుండా జమ్మలమడుగు బస్సెక్కాను. గోనె కింద ఆనించడానికి ఒక సన్నటి నల్లబండ కావాలి, షెడ్డులో ఆయన కోసి పెడతానన్నాడు. బండ అంచు రెండుసార్లు పగిలింది. మూడోది కోసి, గడ్డి చుట్టి, తాడు కట్టి ఇచ్చేసరికి పొద్దు వాలింది.

బండను ఆటోలో వేసుకుని మా సందులో దిగేసరికి గోనె కాలిన వాసన. ఆ వాసన మా సందుకు కొత్తేం కాదు. ఎవరో కాలుస్తున్నారనుకున్నాను.

పని గదిలో టేకు చట్రం గోడకు ఆనించి ఉంది. లోపల ఏమీ లేదు. మొలలన్నీ వంకర పోకుండా పీకి ఒక డబ్బా మూతలో పోసి ఉన్నాయి. పెరట్లో అత్త ఇత్తడి బేసిన్‌ను చింతపండుతో తోముతోంది, పక్కన నల్లటి నీళ్లు పారబోసిన మడుగు. మామ కుంపటి ముందు ఒట్టి నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది. పక్కనున్న గులాబీరంగు కాగితం పొట్లం విప్పి నా ముందు పెట్టాడు. అందులో ఒక బంగారు పూస ఉంది. కందిబద్దంత.

"నేననుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది పాపా" అన్నాడు. "నీ నార వల్ల బూడిద శానా అయింది. కడగనీకి చేతులు పడిపోయినాయి. తీస్కో, ఇది నీదే."

చట్రం వైపు చూశాను, పూస వైపు చూశాను. "గోనె ఏది మామా?" అని అడిగాను, కళ్లెదురుగా కనపడుతున్నా.

"కాల్చినా. నీ పనైపాయ కదా."

"అది రేపు పంపాలి మామా. విజయవాడకు."

"బొమ్మ ఫోన్‌లో ఉండాది కదా. పొద్దున చూపిస్తివి. దాన్ని పంపు." ఆయన నిజంగా ఆశ్చర్యపోతున్నాడు. "గోనె ఎవురికి కావాల? దాన్ని పెట్టుకోని బొమ్మ చేసుకుంటివి, ఐపోయె. బంగారమున్న గోనెను వ్యాన్లో వేసి పంపితే, ఆడ ఎవురో కాల్చుకుంటారు. అందుకే నువ్వొచ్చేలోపల చేసి పెడదామని మధ్యాన్నం తిండి కూడా తినకుండా చేసినా."

అప్పుడు అర్థమైంది నాకు. రెండేళ్లుగా ఆయన దృష్టిలో గోనె బొమ్మ కాదు. బొమ్మకు ముందర పెట్టుకునే వస్తువు. పొద్దున బాగొచ్చిందన్నది ఫోటోను. ఆయన ఎదురుగా కూర్చుని వేసిన ప్రతి కుట్టూ, ఆయన లెక్కలో, ఆ ఫోటో కోసం చేసిన అలంకారం.

నాకు పిచ్చి కోపం వచ్చింది. అరిచాను. పెద్దవాడని చూడలేదు, సందులో జనం ఉన్నారని చూడలేదు. మీకెవ్వరికీ బంగారం తప్ప ఇంకేమీ కనపడదా అన్నాను. రెండేళ్ల ఆదివారాలు కాల్చి చేతిలో పెట్టి నీదే తీస్కో అంటావా అన్నాను. అత్త బేసిన్ వదిలేసి వచ్చి, "ఏమ్మే, పాత గోనెకు ఇంతనా, ఇంకోటి తెచ్చియ్యమంటే తెచ్చియ్యడా" అంది. దాంతో ఇంకా మండింది. అదే సమయానికి గ్యాలరీ ఆమె ఫోన్. వ్యాను ఎన్నింటికొస్తుందో చెప్పడానికి చేసింది. నేను ఏడుస్తూనే జరిగింది చెప్పాను. ఆమె అయ్యో అయ్యో అని, "మీ దగ్గర మంచి రిజల్యూషన్‌లో ఫోటో ఉంది కదండీ, పెద్ద ప్రింట్ వేయించి పెట్టేద్దామా?" అంది. వద్దని పెట్టేశాను. మామది తెలియనితనమనుకుంటే, ఈమెది ఏమనుకోవాలి?

ఫోన్ పెట్టేశాక అత్త లోపలికి వెళ్లిపోయింది. ఆ పూస అట్లాగే కాగితంలో ఉంది.

"అది నువ్వని చెప్పినా కదా మామా" అన్నాను. "ఎన్నిసార్లు చెప్పినా."

"నేను ఈడనే ఉండాను కదా పాపా. దాంట్లో యాడుంటాను?"

"నువ్వు చేసినవి అన్నీ కరిగించేసినారు. ఒక్కటన్నా ఉందా ఈ ఊర్లో? నువ్వు అంత పని చేసినావని చెప్పనీకి ఆ గోనె ఒక్కటే ఉండె. దాన్ని గూడా నువ్వే కరిగిస్తివి."

మామ తన కింద ఉన్న ఒట్టి నేలను అరచేత్తో ఒకసారి తుడిచాడు. తర్వాత లేచి, అటక మీదినుంచి బియ్యపు గోనె ఒకటి తీసి, దులిపి, ఎప్పుడూ కూర్చునే చోట పరిచాడు. కొత్త గోనె, ముద్ర కూడా చెదరలేదు. "దీన్ని పరుచుకుంటాలే. కొన్నాళ్లకు దీన్ని తీస్కపోదువు" అన్నాడు.

"దీని మీద ఏం రాలతాది మామా, పనుంటే కదా."

అనేశాను. ఆ ఇంట్లో అందరికీ తెలిసీ ఎవరమూ పైకి అనని మాట అది. దాన్ని వెనక్కి తీసుకోవాలని కూడా నాకప్పుడు అనిపించలేదు, అంత కోపంగా ఉన్నాను. బండకు చుట్టిన గడ్డి చెప్పులకు అంటుకుని గదంతా పడింది, దాన్ని కాలితో ఒక పక్కకు తోస్తూ నిలబడ్డాను. రేపు పొద్దున బస్సుకు పులివెందుల పోవాలి, ఎల్లుండి స్కూల్లో ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని స్వాగతం అక్షరాలు కోయాలి. అదే ఇక నా పని అనుకున్నాను.

మామ గోనె మీద కూర్చున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పొట్లంలోంచి పూసను పటకారుతో పట్టి, దాగలి ఇనుప దిమ్మె అంచుకు ఆనించాడు. డబ్బాలోంచి ఆకురాయి తీశాడు. ఏం చేస్తున్నాడో నాకు అర్థమయ్యేలోపలే ఒకసారి రాశాడు.

రజను రాలింది. మామూలుగా ఆయన రాసేటప్పుడు ఒళ్లో తోలు పరుచుకుంటాడు, కాళ్లు దగ్గరికి పెట్టుకుంటాడు, ఫ్యాన్ ఆపేస్తాడు. ఒక్క నలుసు కింద పడితే తడి వేలితో అద్ది తీసేదాకా లేవడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు చెంపదెబ్బలు తిన్నది దానికే. ఇప్పుడు ఒళ్లో ఏమీ లేదు. కావాలనే మోకాళ్లు ఎడం చేసి, బంగారాన్ని గోనె మీదికి రాలుస్తున్నాడు. రజను ఒక్కచోట పడడం లేదు.

"మామా, వద్దు" అన్నాను. దాని వల్ల ఏమీ కాదు. ఆ గోనె మళ్లీ రాదు, వ్యాను ఖాళీగా పోతుంది. ఇదంతా చెప్పాలని ఉంది, కానీ ఆయన ఆపలేదు. కందిబద్దంత పూస సగానికి అరిగింది. అత్త తలుపు దగ్గరికి వచ్చి, చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామ ఆకురాయి పట్టుకున్న చెయ్యి గోనె మీద అటూ ఇటూ జరిపి, ఆగి, కళ్లద్దాల పైనుంచి నా వైపు చూశాడు.

"నాకు తెలీదు పాపా. ఇట్లొచ్చి కూర్చోని, యాడ యాడ పడాల్నో చెప్పు" అన్నాడు.